ఎక్సోప్లానెట్ వాచ్ సమీక్ష: పరాయి గ్రహాల వేళలు కొలిచే ఉచిత సేవ, దాని ఎక్సోటిక్ సాఫ్ట్‌వేర్

వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం డాబా మీది టెలిస్కోపుకు కనిపించదు. అయితే ఆ గ్రహం తన నక్షత్రానికి అడ్డంగా వచ్చినప్పుడు రెండు మూడు గంటలపాటు వెలుగు ఒకటి రెండు శాతం తగ్గుతుంది. ఆ తగ్గుదలను, అంటే ట్రాన్సిట్‌ను, ఆరంగుళాల టెలిస్కోపు కూడా పట్టుకోగలదు. 1999లో హెచ్‌డీ 209458 అనే నక్షత్రం దగ్గర మొదటిసారి ట్రాన్సిట్‌ను పట్టింది కేవలం 10 సెంటీమీటర్ల పరికరమే. నాసా నడిపే ఎక్సోప్లానెట్ వాచ్ ఈ పనిని ఇంట్లో కూర్చున్న మనిషి చేతికి అందిస్తోంది. రుసుము లేదు, టెలిస్కోపు లేకపోయినా ఫరవాలేదు, కొత్త ల్యాప్‌టాప్ కూడా అక్కర్లేదు.

అసలు మాట ముందే చెప్పాలి. చిత్రాల నుంచి శాస్త్రవేత్తలకు పనికొచ్చే ఒక అంకె వరకు చేర్చడంలో ఈ సేవ చాలా బాగుంది. కానీ దీని సాఫ్ట్‌వేర్ ఎక్సోటిక్ చెడ్డ చిత్రాలు ఇచ్చినా అందమైన గీత గీసి చూపిస్తుంది. ఆ గీత నమ్మదగినదా కాదా అని తేల్చే పని మనదే. అది నేర్చుకున్నవారికి ఈ సేవ బంగారం. నేర్చుకోనివారు తప్పుడు అంకెలు పంపుతారు, వాటిని వడకట్టే భారం ఇంకొకరి మీద పడుతుంది.

ఈ కొలతల అవసరం ఏమిటో చూద్దాం. కనిపెట్టిన రోజున గ్రహం చుట్టుకాలం కొంత పొరపాటుతోనే తెలుస్తుంది. మూడు రోజుల చుట్టుకాలంలో ఆ పొరపాటు 0.00002 రోజు, అంటే సుమారు 1.7 సెకన్లు అనుకుందాం. ఒక్క చుట్టుకు అది లెక్కలోకే రాదు. పదేళ్లలో ఆ గ్రహం 1,200 పైచిలుకు చుట్లు తిరుగుతుంది. పొరపాటు ప్రతి చుట్టుకూ కలుస్తూ పోయి ట్రాన్సిట్ వేళ 35 నిమిషాల వరకు అటూ ఇటూ అయిపోతుంది. జేమ్స్ వెబ్ వంటి అంతరిక్ష టెలిస్కోపు మీద సమయం దొరకడమే కష్టం. వేళ సరిగా తెలియకపోతే ముందూ వెనకా అదనపు గంటలు కేటాయించాలి, లేదా ట్రాన్సిట్ చేజారుతుంది. ఎప్పటికప్పుడు చిన్న టెలిస్కోపులతో మధ్యవేళను కొలుస్తుంటే ఈ ఇబ్బంది ఉండదు. ఎక్సోప్లానెట్ వాచ్ కోరేది ముఖ్యంగా ఆ ఒక్క అంకెనే: ట్రాన్సిట్ మధ్యభాగం ఏ క్షణాన జరిగింది, ఎంత పొరపాటుతో.

చేరడానికి రెండు దారులున్నాయి. సొంత టెలిస్కోపుంటే దాని చిత్రాలు వాడుకోవచ్చు. లేనివారికి మైక్రో అబ్జర్వేటరీ చిత్రాలు ఇస్తారు. ఇవి హార్వర్డ్–స్మిత్సోనియన్ ఖగోళ కేంద్రం నడిపే ఆరంగుళాల రోబో టెలిస్కోపులు. ఒక్కో చిత్రం 60 సెకన్ల ఎక్స్‌పోజర్, 650×500 పిక్సెళ్లు. ఫైలు సుమారు 650 కిలోబైట్లే ఉంటుంది కాబట్టి 120 చిత్రాల రాత్రి మొత్తం 80 ఎంబీ లోపే. మొబైల్ డేటాతోనూ పని జరుగుతుంది. వానాకాలంలో నెలల తరబడి ఆకాశం మూసుకుపోయే మన ప్రాంతానికి ఈ రెండో దారి నిజంగా వరం.

మొదట శిక్షణ చిత్రాలతో మొదలుపెట్టడమే సరైన పద్ధతి. ఎక్సోటిక్‌తోపాటు వచ్చేవి 2017 డిసెంబరు 20 రాత్రి తీసిన హ్యాట్-పి-32 బి చిత్రాలు. ఆండ్రోమెడా రాశిలోని ఈ గ్రహపు నక్షత్రం ప్రకాశ తరగతి 11.3 (ఈ అంకె పెరిగేకొద్దీ నక్షత్రం మసక). గురుగ్రహం కన్నా దాదాపు 1.8 రెట్లు లావున్న గ్రహం దాన్ని 2.15 రోజులకోసారి చుట్టేస్తుంది. ట్రాన్సిట్ మూడు గంటల పైన సాగుతుంది, వెలుగు రెండు శాతానికి పైగా తగ్గుతుంది. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి గ్రహం దొరకదు.

నడిపే తీరు ఇది. బ్రౌజర్‌లోనే ప్రోగ్రాములు నడిపే గూగుల్ కొలాబ్‌లో నోట్‌బుక్ తెరిచి, గూగుల్ డ్రైవ్‌కు అనుమతి ఇచ్చి, ఫిట్స్ (ఖగోళ చిత్రాల ఫైలు రకం) చిత్రాలున్న ఫోల్డర్‌ను చూపించాలి. గ్రహం పేరు ఇవ్వగానే చుట్టుకాలం, నక్షత్రం ఉష్ణోగ్రత, వ్యాసార్థాల నిష్పత్తి వంటివన్నీ నాసా ఎక్సోప్లానెట్ ఆర్కైవ్ నుంచి అదే తెచ్చుకుంటుంది. తర్వాత మొదటి చిత్రాన్ని చూపిస్తుంది. అందులో మన నక్షత్రం ఎక్కడుందో, దాని వెలుగును పోల్చి చూడటానికి వాడే పోలిక నక్షత్రాలు ఎక్కడున్నాయో పిక్సెల్ అంకెల్లో చెప్పాలి. శిక్షణ చిత్రాల్లో లక్ష్యం 424, 286 దగ్గర ఉంటుంది, పోలిక నక్షత్రాలు 465, 183 దగ్గర ఒకటి, 512, 263 దగ్గర ఒకటి. అక్కడి నుంచి చిత్రాలను ఒకదానిపై ఒకటి సర్దడం, నక్షత్రం చుట్టూ వలయం గీసి వెలుగు కొలవడం, వేర్వేరు వలయాలనూ పోలిక నక్షత్రాలనూ ప్రయత్నించి చెదురు తక్కువున్న జోడీని ఎంచుకోవడం అంతా సాఫ్ట్‌వేర్ పనే. చివరికి వేళతోపాటు వెలుగు మారిన తీరు చూపే లైట్ కర్వ్ చిత్రం, అంకెల పట్టిక, వెలుగు మారే నక్షత్రాలను పరిశీలించేవారి అమెరికా సంఘమైన ఏఏవీఎస్ఓ సంస్థకు పంపడానికి సిద్ధంగా ఒక టెక్స్ట్ ఫైలు చేతికొస్తాయి. పంపాలంటే ఆ సంస్థ ఇచ్చే పరిశీలకుడి కోడ్ కావాలి. అదీ ఉచితమే. దాన్ని పని మొదలుపెట్టకముందే తీసుకుని ఉంచుకుంటే మంచిది, ఆ కోడ్ చివరి ఫైలులో నమోదవుతుంది.

మధ్యలో కొలాబ్ తెగిపోవడం మామూలే. బ్రౌజర్ ట్యాబ్‌ను వదిలేసి వేరే పనిలో పడితే సెషన్ ఆగిపోతుంది, మళ్లీ మొదటి గడి నుంచి నడపాలి. ఫోల్డర్‌లో ఫిట్స్ కాని ఫైళ్లుంటే కూడా గొడవే. మూత పెట్టి తీసిన డార్క్ చిత్రాలను అసలు చిత్రాలతో కలిపి ఒకే ఫోల్డర్‌లో పెట్టడం కొత్తవారు ఎక్కువగా చేసే పొరపాటు. అప్పుడు సాఫ్ట్‌వేర్ నక్షత్రాలే లేని నల్లటి చిత్రంలో నక్షత్రాన్ని వెతుకుతుంది.

లక్ష్య నక్షత్రాన్ని గుర్తించడంలోనే సగం ప్రయత్నాలు దారి తప్పుతాయి. నక్షత్ర పటంలో ఉత్తరం పైన ఉంటుంది, కెమెరా చిత్రంలో ఎటైనా ఉండొచ్చు. తలకిందులు కావచ్చు, అద్దంలో చూసినట్టు తిరగబడనూ వచ్చు. ఒక్క నక్షత్రాన్ని చూసి నిర్ణయించకూడదు. దాని చుట్టూ ఉన్న మూడు నాలుగు నక్షత్రాలు ఏర్పరిచే ఆకారాన్ని పటంతో సరిపోల్చాలి. మైక్రో అబ్జర్వేటరీ చిత్రంలో ఒక్క పిక్సెల్ ఆకాశంలో సుమారు 5 ఆర్క్ సెకన్లు (ఒక ఆర్క్ సెకను డిగ్రీలో 3,600వ వంతు). అంత దగ్గరగా ఉన్న రెండు నక్షత్రాలు ఒకే చుక్కగా కనిపిస్తాయి. హ్యాట్-పి-32కే 2.9 ఆర్క్ సెకన్ల దూరంలో మసక ఎర్ర మరుగుజ్జు నక్షత్రం తోడుగా ఉంది. అది చాలా మసక కాబట్టి ఇక్కడ నష్టం స్వల్పం. తోడు నక్షత్రం ప్రకాశవంతమైతే మాత్రం దాని వెలుగు కలిసి ట్రాన్సిట్ లోతు అసలుకన్నా తక్కువగా కనిపిస్తుంది.

ఫలితం నాణ్యతను అన్నిటికన్నా ఎక్కువగా నిర్ణయించేది పోలిక నక్షత్రం. పల్చటి మబ్బు వచ్చినా, నక్షత్రం దిగువకు జారినా రెండు నక్షత్రాల వెలుగూ ఒకేలా తగ్గాలి, అప్పుడే వాటి నిష్పత్తి నిలకడగా ఉంటుంది. కాబట్టి పోలిక నక్షత్రం లక్ష్యానికి దగ్గరగా, దాదాపు అదే ప్రకాశంతో, వీలైతే అదే రంగుతో ఉండాలి. నీలి నక్షత్రం వెలుగును మన వాతావరణం ఎర్ర నక్షత్రం వెలుగు కన్నా ఎక్కువ మింగుతుంది. రంగులు బాగా తేడాగా ఉంటే రాత్రి గడిచేకొద్దీ నిష్పత్తి ఒక వైపు వాలుతూ పోతుంది. లక్ష్యం కన్నా బాగా మసకైన పోలిక నక్షత్రం తన చెదురునంతా ఫలితంలోకి తెస్తుంది, మరీ ప్రకాశవంతమైనది కెమెరా హద్దు దాటేస్తుంది. పోలిక నక్షత్రం తానే వెలుగు మారే రకం కాదని ఏఏవీఎస్ఓ పటంలో చూసుకోవాలి. ఎక్సోటిక్ ఒకటి కన్నా ఎక్కువ పోలిక నక్షత్రాలను తీసుకుని తానే పరీక్షిస్తుంది కాబట్టి నాలుగైదు ఇవ్వడం మేలు. ఒక్కటే ఇచ్చి, అది చెడ్డదైతే, సాఫ్ట్‌వేర్‌కు వేరే దిక్కు ఉండదు.

ఇక అందమైన గీత సంగతి. ఎక్సోటిక్ దగ్గర ట్రాన్సిట్ ఆకారం ముందే ఉంటుంది, అది ఏ వేళ దగ్గర ఉండాలో కూడా ఆర్కైవ్ లెక్కల వల్ల ముందే తెలుసు. ఇచ్చిన చుక్కలకు ఆ ఆకారాన్ని ఎలాగైనా అమర్చడం దాని పని. చిత్రాల్లో ట్రాన్సిట్ లేకపోయినా, మబ్బు వల్ల పడిన గుంటకే గీతను అమర్చి మధ్యవేళ చెప్పేస్తుంది. కాబట్టి గీతను చూసి సంతోషపడేముందు కొన్ని చూడాలి. ట్రాన్సిట్ లోతు దాని పొరపాటు కన్నా కనీసం మూడు రెట్లు ఉండాలి. గీతను తీసేశాక మిగిలిన చుక్కలు సున్నా చుట్టూ సమంగా చెదిరి ఉండాలి, వాలుగానో వంపుగానో పోకూడదు. సాఫ్ట్‌వేర్ ఇచ్చే త్రికోణాకారపు పటంలో (కార్నర్ ప్లాట్) ప్రతి చుక్కల గుంపూ మధ్యలో గుండ్రంగా ఉండాలి. గుంపు పెట్టె అంచుకు ఆనుకుపోయి సగం తెగినట్టుంటే సాఫ్ట్‌వేర్ తనకిచ్చిన హద్దులో ఇరుక్కుందని అర్థం, ఆ అంకెను పంపకూడదు. వచ్చిన లోతు ఆర్కైవ్‌లోని లోతుకు రెట్టింపు ఉంటే గ్రహం లావెక్కలేదు, చిత్రాల్లో ఏదో పొరపాటు ఉంది.

చుక్కల చెదురు ఒక శాతం దగ్గరుంటే చిన్న టెలిస్కోపుకు అది మామూలే. ట్రాన్సిట్ లోపల 60 చుక్కలుంటే సగటు పొరపాటు 0.13 శాతానికి దిగుతుంది, రెండు శాతం లోతును నమ్మకంగా చెప్పొచ్చు. అర శాతం లోతున్న గ్రహం అదే లెక్క ప్రకారం మూడు రెట్ల హద్దుకు దగ్గరే ఉంటుంది, ఆరంగుళాలతో దాన్ని నమ్మకంగా పట్టడం కష్టం. సూర్యుడి ముందు గురుగ్రహం వస్తే వెలుగు తగ్గేది ఒక శాతం, భూమి వస్తే 0.0084 శాతమే. భూమి లాంటి గ్రహాన్ని ఇంటి నుంచి పట్టవచ్చనే ఆశ ఎవరూ పెట్టుకోవద్దు, ఈ సేవ కూడా అలాంటి ఆశ పెట్టదు.

సగం ట్రాన్సిట్ దొరికిన రాత్రుల గురించి విడిగా చెప్పాలి. నక్షత్రం దిగువకు జారేకొద్దీ దాని వెలుగు ఎక్కువ గాలిని దాటి వస్తుంది. ఆకాశంలో 30 డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు అది దాటే గాలి నడినెత్తిన ఉన్నప్పటికి రెట్టింపు. ఎక్సోటిక్ ఈ వాలును కూడా ట్రాన్సిట్‌తో కలిపే లెక్కిస్తుంది. ట్రాన్సిట్‌కు ముందూ తర్వాతా మామూలు వెలుగు చిక్కితేనే ఆ రెండింటినీ విడదీయగలదు. ముందు అరగంట నుంచి గంట, తర్వాత అంతే సమయం చిత్రాలుండటం అవసరం. ఒక వైపు లేకపోతే వాలు, లోతు ఒకదానిలో ఒకటి కలిసిపోయి మధ్యవేళ పది ఇరవై నిమిషాలు జరిగిపోవచ్చు.

సొంత టెలిస్కోపువారు వేళ విషయంలో అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాలి. పంపేదే వేళ కదా. కంప్యూటర్ గడియారాన్ని చిత్రాలు మొదలుపెట్టే ముందు ఇంటర్నెట్ సమయంతో సరిచేయాలి. ఫిట్స్ ఫైలు హెడర్‌లో యూటీసీ వేళే (మనకన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక వేళ) ఉండాలి. కొన్ని కెమెరా ప్రోగ్రాములు స్థానిక వేళ రాస్తాయి, అప్పుడు ఫలితం సరిగ్గా ఐదున్నర గంటలు తప్పుతుంది. తేదీ దగ్గర ఇంకో చిక్కు ఉంది. మనకు 15వ తేదీ తెల్లవారుజాము ఒంటిగంట అయితే యూటీసీలో అది 14వ తేదీ రాత్రి 7.30. ట్రాన్సిట్ వేళలు చూపే వెబ్ సాధనాల్లో ఏ కాలమానం ఎంచుకున్నామో చూసుకోకపోతే ఒక రోజు తేడాతో టెలిస్కోపు పెట్టుకుని కూర్చుంటాం. సూర్యుడి చుట్టూ భూమి ఎక్కడుందో దాన్ని బట్టి నక్షత్రం వెలుగు మనకు చేరడంలో ఎనిమిది నిమిషాల పైగా ముందూ వెనకా అవుతుంది. దాన్ని సరిచేసి బీజేడీ-టీడీబీ అనే ఉమ్మడి కాలమానంలోకి మార్చడం ఎక్సోటిక్ స్వయంగా చేస్తుంది. మనం దానికి ఇవ్వాల్సింది అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు. హైదరాబాద్ అయితే +17.4, +78.5, సుమారు 540 మీటర్లు. ప్లస్ గుర్తు తప్పనిసరిగా పెట్టాలి. ఉదాహరణ ఫైలు అమెరికాది కాబట్టి రేఖాంశం ముందు మైనస్ ఉంటుంది. దాన్ని చూసి అలాగే వదిలేస్తే సాఫ్ట్‌వేర్ మనల్ని భూగోళం అటువైపు పెట్టి, నక్షత్రం ఎత్తును తప్పుగా లెక్కగడుతుంది.

చిత్రాలు తీసేటప్పుడు లక్ష్యం నక్షత్రం నడిబొడ్డు విలువ 16 బిట్ల కెమెరాలో గరిష్ఠ విలువైన 65,535కు దగ్గరగా పోకూడదు. 30,000–40,000 మధ్య ఉంచితే రాత్రి గాలి నిలకడపడి చుక్క సన్నబడినా హద్దు దాటదు. ఫోకస్‌ను కొద్దిగా సడలించడం మంచి పద్ధతి. వెలుగు ఎక్కువ పిక్సెళ్లకు పరుచుకుని, పిక్సెళ్ల మధ్య తేడాల ప్రభావం తగ్గుతుంది. ఒకసారి పెట్టిన ఫోకస్‌ను మధ్యలో ముట్టుకోవద్దు. ఆటోఫోకస్ ఆపేయాలి. ట్రాన్సిట్ మధ్యలో టెలిస్కోపును తిప్పే మౌంట్ మెరిడియన్ (నడినెత్తి మీదుగా పోయే ఉత్తర–దక్షిణ గీత) దాటి తిరగబడకుండా గ్రహాన్ని ఎంచుకోవాలి. తిరగబడితే నక్షత్రాలు కెమెరాలో వేరే చోట పడి వెలుగులో మెట్టు కనిపిస్తుంది. ఫ్లాట్ చిత్రాలు (దుమ్ము మచ్చలను సరిచేయడానికి సమంగా వెలిగే తెర మీద తీసేవి) అదే రాత్రి, కెమెరా కదలకముందే తీయాలి. దుమ్ము మచ్చ మీదుగా నక్షత్రం జారితే పడే గుంట అచ్చం ట్రాన్సిట్‌లాగే ఉంటుంది. కోస్తాలో మంచు బిందువులు అద్దాన్ని కమ్మేస్తాయి, అద్దాన్ని వెచ్చగా ఉంచే డ్యూ హీటర్ లేకుండా మొదలుపెట్టవద్దు. కరెంటు పోతే మౌంట్ దిశ మర్చిపోతుంది, కాబట్టి బ్యాటరీ మీదే నడపడం మేలు.

సీస్టార్ ఎస్50 లాంటి చిన్న స్మార్ట్ టెలిస్కోపులతోనూ ప్రకాశవంతమైన, లోతైన ట్రాన్సిట్లు ప్రయత్నించవచ్చు. ఒకటే షరతు, విడివిడి ఫిట్స్ చిత్రాలన్నిటినీ దాచుకునే అమరికను ముందుగా ఆన్ చేయాలి. యాప్ చివర్లో ఇచ్చే, అన్నిటినీ కలిపేసిన రంగుల చిత్రం ఈ పనికి పనికిరాదు.

పోటీ సేవలతో పోలిస్తే ఎలా ఉంది? పరాయి గ్రహాలను చూడబోయే యూరప్ వారి ఏరియెల్ అంతరిక్ష టెలిస్కోపు కోసం నడిచే ఎక్సోక్లాక్ కూడా ఉచితమే. సొంత టెలిస్కోపువారికి వారి ఊరు, పరికరాన్ని బట్టి ఏ రాత్రి ఏ గ్రహాన్ని చూడాలో జాబితా ఇస్తుంది. ఈ విషయంలో ఎక్సోక్లాక్‌దే పైచేయి. దాని హాప్స్ సాఫ్ట్‌వేర్ కంప్యూటర్‌లోనే బటన్లతో నడుస్తుంది, ఇంటర్నెట్ మందకొడిగా ఉన్న ఊళ్లలో అదే హాయి. ప్రతి మెట్టునూ చేత్తో సరిచేసుకోవాలనుకునే వారికి ఆస్ట్రోఇమేజ్‌జే ఉంది. నేర్చుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది, కానీ ఎక్కడ తప్పిందో కంటితో చూసి పట్టుకోవచ్చు. ఎక్సోటిక్ ఫలితం మీద అనుమానం వస్తే అవే చిత్రాలను ఆస్ట్రోఇమేజ్‌జేలో మళ్లీ కొలిచి చూడటం తెలివైన పని. టెలిస్కోపు లేనివారికి అసలు చిత్రాలు ఇచ్చి పని నేర్పే విషయంలో మాత్రం ఎక్సోప్లానెట్ వాచ్‌నే ముందు చెప్పాలి.

లోపాలూ ఉన్నాయి. సూచనల్లో తెలుగు లేదు. పదో తరగతి పిల్లలకు ఈ పని బాగా నచ్చే అవకాశం ఉంది, కానీ నోట్‌బుక్‌లోని తప్పు సందేశాలు పైథాన్ తెలిసినవారికే అర్థమవుతాయి. బడిలో చేయించాలనుకునే సైన్సు ఉపాధ్యాయులు మొదటిసారి తామే పూర్తిగా నడిపి, ఎక్కడెక్కడ ఆగుతుందో తెలుగులో రాసుకుని, తర్వాతే పిల్లలకు ఇవ్వాలి. గ్రహం వివరాలు ఆర్కైవ్ నుంచి తెచ్చేటప్పుడు ఒక్కోసారి పాత విలువలు వస్తాయి, వాటిని కొత్త ప్రచురణతో సరిచూసుకోవడం అలవాటు చేసుకోవాలి. ఫిల్టర్ పేరు తప్పు ఇస్తే నక్షత్రం నడిమి కన్నా అంచు ఎంత మసకగా ఉంటుందనే లెక్క తప్పి లోతు మారుతుంది, దాని గురించి హెచ్చరిక రాదు.

మెచ్చుకోవలసింది గుర్తింపు ఇచ్చే తీరు. పంపిన కొలత పరిశోధన పత్రంలో వాడితే పరిశీలకుడి పేరు రచయితల్లో చేరుస్తారు. హెచ్‌డీ 80606 బి సంగతి చూడండి. దాని చుట్టుకాలం 111 రోజులు, కక్ష్య బాగా సాగదీసిన కోడిగుడ్డులా ఉంటుంది, ట్రాన్సిట్ దాదాపు 12 గంటలు నడుస్తుంది. చాలా ఊళ్లలో ఒక్క రాత్రిలో అది పూర్తిగా ఇమడదు. వేర్వేరు రేఖాంశాల నుంచి ఔత్సాహికులు, పరిశోధకులు కలిసి చూస్తేనే దాని వేళ సరిగా తేలింది. అది జేమ్స్ వెబ్ పరిశీలనకు పనికొచ్చింది. అమెరికాలో తెల్లవారి, యూరప్‌లో ఇంకా చీకటి పడని గంటల్లో మన దగ్గర రాత్రి ఉంటుంది. ఆ గంటలను నింపగల పరిశీలకులు హైదరాబాద్, విశాఖ, అనంతపురం లాంటి చోట్ల ఉంటే ఇలాంటి గ్రహాలకు నేరుగా ఉపయోగం.

సొంత టెలిస్కోపుతో మొదలుపెట్టేవారు అక్టోబరు నుంచి జనవరి మధ్య హ్యాట్-పి-32 బినే తీసుకోవచ్చు. హైదరాబాద్ నుంచి అది ఉత్తరాన 60 డిగ్రీల ఎత్తు వరకు ఎక్కుతుంది. వానలకు ముందు వేసవిలో ట్రెస్-3 బి బాగుంటుంది. ట్రాన్సిట్ గంటన్నర లోపే ముగుస్తుంది కాబట్టి మొత్తం పని మూడు, మూడున్నర గంటల్లో అయిపోతుంది. కాకపోతే నక్షత్రం 12.4 తరగతిది, ఎనిమిది అంగుళాల అద్దం ఉంటేనే హాయిగా పట్టుకోవచ్చు.